మత చర్చలు: యాజ్ఞవల్క్యుడి నుంచి అంబేద్కర్ దాకా

ఒక మతానికో దర్శనానికో చెందిన పండితులు మరో పక్షంవారితో ముఖాముఖి కూర్చుని, మధ్యస్థుల ఎదుట, ఇద్దరూ ఒప్పుకున్న నియమాల ప్రకారం సిద్ధాంతాల మీద చేసే వాదాన్ని మత చర్చ అంటారు. పాత గ్రంథాలు దీన్ని వాదమనీ శాస్త్రార్థమనీ పేర్కొన్నాయి. భారతదేశంలోనూ, ఇక్కడి నుంచి బౌద్ధం వెళ్లిన సింహళ, టిబెట్ దేశాలలోనూ ఈ సంప్రదాయం రెండున్నర వేల ఏళ్లకు పైగా నడిచింది. రాజసభలు, మఠాలు, తిరునాళ్లు, అచ్చు యంత్రం వచ్చాక పత్రికలు, కరపత్రాలు దీనికి వేదికలయ్యాయి.

ఈ చరిత్ర చదివేవారు ఒక సంగతి ముందే గుర్తుపెట్టుకోవాలి. చర్చల కథనాలు దాదాపు అన్నీ గెలిచామని చెప్పుకున్నవారు రాసుకున్నవే. ఇరుపక్షాల రాతలూ మిగిలిన చోట మాత్రం చిత్రంగా ఇద్దరూ గెలిచారు. అందువల్ల ఎవరు ఎవరిని ఓడించారన్న లెక్కతో చరిత్రకారుడికి పెద్దగా పని లేదు. చర్చ వల్ల ఒనగూడిన అసలు మేలు మరొకటి ఉంది. ఎదుటివాడి మాటను ఖండించాలంటే ముందు దాన్ని సరిగ్గా చెప్పి తీరాలి. దీనికే పూర్వపక్షమని పేరు. కాలగర్భంలో కలిసిపోయిన ఎన్నో దర్శనాల గురించి ఈనాడు మనకు తెలిసినదంతా వాటి శత్రువులు రాసిపెట్టిన పూర్వపక్షాల నుంచే తెలిసింది.

తొలి సభలు

బృహదారణ్యకోపనిషత్తులోని జనకుడి సభ ఈ సంప్రదాయంలో మొదట చెప్పుకోదగ్గది. విదేహ రాజు వెయ్యి ఆవులను, కొమ్ములకు బంగారం కట్టించి, బ్రహ్మజ్ఞానులలో అగ్రగణ్యుడికి ఇస్తానన్నాడు. చర్చ మొదలుకాకముందే యాజ్ఞవల్క్యుడు ఆవులను ఇంటికి తోలుకుపొమ్మని శిష్యుడికి చెప్పాడు. సభికులకు ఒళ్లు మండింది. అశ్వలుడు, ఆర్తభాగుడు, ఉద్దాలకుడు మొదలైనవారు ఒకరి తరువాత ఒకరు ప్రశ్నలు వేశారు. వారిలో గార్గి రెండుసార్లు లేచింది. మొదటిసారి, అతిగా అడిగితే నీ తల రాలిపోతుందన్న బెదిరింపు విని ఊరుకుంది. రెండోసారి సభ అనుమతి తీసుకుని రెండు ప్రశ్నలు అడిగి, ఈయనను ఎవరూ గెలవలేరని తానే తీర్పు చెప్పింది. ఆ తీర్పు వినని శాకల్యుడి తల నిజంగానే రాలిందని ఉపనిషత్తు చెబుతుంది. కథను కథగానే తీసుకున్నా, చర్చలో ఓడినవాడికి ప్రాణభయం ఉండేదన్న భావన అంత పాతదని అర్థమవుతుంది.

బుద్ధుడి కాలానికి గంగా మైదానంలో ఊరూరా శ్రమణులు తిరుగుతూ వాదించేవారు. శ్రావస్తిలో మల్లికా రాణి ఉద్యానంలో ఇందుకోసమే ఒక శాల ఉండేదని పాళీ గ్రంథాలు అంటాయి. దీఘనికాయంలోని సామఞ్ఞఫల సుత్తంలో అజాతశత్రువు తాను కలుసుకున్న ఆరుగురు గురువుల సిద్ధాంతాలను బుద్ధుడికి వినిపిస్తాడు. చనిపోయాక ఏమీ మిగలదన్న అజిత కేశకంబలి, అంతా నియతి ప్రకారమే జరుగుతుందన్న మక్ఖలి గోసాలుడు వారిలోని వారే. గోసాలుడి ఆజీవక మతం అశోకుడి కాలంలో గుహలు దానంగా పొందేంత ప్రబలంగా ఉండేది. తరువాత పూర్తిగా అంతరించింది. దాని సొంత గ్రంథం ఒక్కటీ మిగలలేదు. 1951లో ఎ.ఎల్. బాషమ్ ఆజీవకుల చరిత్ర రాసినప్పుడు ఆధారాలలో చాలా భాగం బౌద్ధుల, జైనుల ఖండనల నుంచే ఏరుకోవలసి వచ్చింది.

అశోకుడి కాలంలో పాటలీపుత్రంలో జరిగిన మూడో సంగీతి (బౌద్ధ మహాసభ) సందర్భంగా మొగ్గలిపుత్త తిస్సుడు కూర్చాడని చెప్పే కథావత్థు రెండు వందలకు పైగా వివాదాంశాల సంపుటి. ఇక్కడి పోరు బౌద్ధులకూ బౌద్ధులకూ మధ్యనే. ఏ మాట ఏ శాఖవారిదో మూలంలో ఉండదు. తరువాత వచ్చిన పాళీ వ్యాఖ్యానం, అంటే అట్ఠకథ, ఆ పేర్లు చెబుతూ చాలా అంశాలను అంధక శాఖలకు అంటగడుతుంది. పుబ్బసేలియులు, అపరసేలియులు, రాజగిరియులు, సిద్ధత్థికులు ఈ అంధకులు. కృష్ణా తీరంలో అమరావతి, నాగార్జునకొండ శాసనాలలో కనిపించే శాఖలతో వీరికి సంబంధం ఉంది. ఆంధ్ర బౌద్ధులు ఏమి నమ్మేవారో తెలుసుకోవాలంటే, వారు తప్పని వాదించిన సింహళ అట్ఠకథను తిరగేయక తప్పదు.

అశోకుడు స్వయంగా ఈ వాగ్యుద్ధాలతో విసిగినట్టుంది. పన్నెండో శిలాశాసనంలో ఆయన ప్రజలను కోరింది నాలుక అదుపు. సందర్భం లేకుండా సొంత మతాన్ని పొగడవద్దు, ఎదుటి మతాన్ని తెగడవద్దు, ఒకరి ధర్మం ఒకరు వినాలి అన్నది దాని సారాంశం. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద చెక్కిన శాసనాలలో ఇదీ ఒకటి. చర్చ మానమని ఆయన చెప్పలేదు. చర్చలో మర్యాద ఉండాలన్నాడు. తరువాతి శాస్త్రకారులు చేసిందల్లా ఆ మర్యాదకు నియమాలు రాయడమే.

నియమాలు

వాద నియమాలను వివరంగా చెప్పిన పాత గ్రంథాలలో ఒకటి వైద్యశాస్త్రానికి చెందినది కావడం విశేషం. చరకసంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయం చర్చను రెండు రకాలుగా విభజించింది: స్నేహంగా జరిగే సంధాయ సంభాష, గెలుపు కోసం జరిగే విగృహ్య సంభాష. వాదానికి దిగే ముందు ప్రతివాది తనకంటే గొప్పవాడా, సమానుడా, తక్కువవాడా, సభ తనకు అనుకూలమా కాదా అని అంచనా వేసుకోమని వైద్యుడికి సలహా ఇస్తుంది. వాదానికి సంబంధించిన 44 పారిభాషిక పదాలను వివరిస్తుంది. రోగి మంచం పక్కన నలుగురు వైద్యులు చేరితే ఏమవుతుందో ఆ గ్రంథకర్తకు బాగా తెలుసు.

గౌతముడి న్యాయసూత్రాలు ఈ విద్యకు పక్కా చట్రం కట్టాయి. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే అయిదు అవయవాలతో వాదన నడవాలి. సత్యం కోసం చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడం ఒక్కటే చేస్తే అది వితండం. చెల్లని హేతువులైన హేత్వాభాసలు అయిదు, ఎదుటివాడి మాటకు వేరే అర్థం తీసి ఖండించే ఛలం మూడు రకాలు, పసలేని ఆక్షేపణలైన జాతులు 24, ఓటమికి గుర్తులైన నిగ్రహస్థానాలు 22. ప్రతిజ్ఞ మార్చడం, చెప్పిందే చెప్పడం, జవాబు తోచక మౌనం వహించడం, పని ఉందంటూ లేచిపోవడం ఇవన్నీ ఓటమి కిందికే వస్తాయి. జల్ప వితండాలను కూడా సూత్రకారుడు కొట్టిపారేయలేదు. మొలకెత్తిన పైరుకు ముళ్లకంచె వేసినట్టు, సత్యాన్ని కాపాడటానికి అవీ అవసరమేనన్నాడు. తెలుగులో వితండవాదం అనేది తిట్టుగా మిగిలింది గాని శాస్త్రంలో దానికో గౌరవమైన చోటు ఉంది.

ఆ చోటును అందరికంటే పదునుగా వాడుకున్నవాడు ఆచార్య నాగార్జునుడు. శాతవాహనులతో, కృష్ణాతీరంతో సంప్రదాయం ముడిపెట్టే ఈ తత్త్వవేత్త విగ్రహవ్యావర్తనిలో నాకు ప్రతిజ్ఞ ఏదీ లేదు కాబట్టి నాలో దోషమూ లేదన్న వాదం చేశాడు. న్యాయసూత్రాలను అనుసరించే నైయాయికులు దీన్ని వితండమన్నారు. నాగార్జునుడి అనుయాయులైన మాధ్యమికులు ఇదే పరమార్థానికి దారి అన్నారు. ఈ తగవు నేటికీ తత్త్వశాస్త్ర శాఖలలో తెగలేదు.

బౌద్ధ తర్కానికి పునాది వేసిన దిఙ్నాగుడు వేంగి సమీపంలోని ఒక ఒంటరి కొండ మీద హేతువిద్యా గ్రంథం రాశాడని, ఏడో శతాబ్దంలో ఈ ప్రాంతానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ నమోదు చేశాడు. దిఙ్నాగుడి సంప్రదాయంలోని ధర్మకీర్తి వాదన్యాయంలో గౌతముడి 22 నిగ్రహస్థానాలను రెండుకు కుదించాడు. వాది తన పక్షాన్ని సాధించే అవసరమైన మాట చెప్పకపోవడం ఒకటి, ప్రతివాది నిజమైన దోషాన్ని ఎత్తిచూపకపోవడం రెండు. కపటంతో గెలవడం సజ్జనుల పని కాదని జల్పాన్ని తోసిపుచ్చాడు. రెండు మాటలలో తేల్చిన ఈ పద్ధతి గౌతముడి పట్టికకంటే ఎంతో శుభ్రమైనది.

రాజు ముందు వాదం

మిలిందపఞ్హలో గ్రీకు రాజు మినాండర్ చర్చకు పిలిస్తే భిక్షువు నాగసేనుడు షరతు పెడతాడు. పండితుడిలా చర్చిస్తే సరే, రాజులా అయితే కుదరదంటాడు. పండితులు తప్పు ఒప్పుకోవలసి వచ్చినా కోపం తెచ్చుకోరనీ, రాజులు తమ మాట కాదన్నవాడికి శిక్ష వేస్తారనీ వివరిస్తాడు. ఈ ఒక్క షరతు చాలా రాజసభలలో నెరవేరలేదు.

643లో హర్షుడు కనౌజ్‌లో జరిపిన మహాసభ అందుకు సాక్ష్యం. హ్యూయన్ త్సాంగ్ తన ప్రతిపాదనను ద్వారం దగ్గర వేలాడదీశాడు. పద్దెనిమిది రోజులు గడిచినా ఎవరూ ఎదురు రాలేదని ఆయన శిష్యుడు హుయిలి రాసిన జీవితచరిత్ర గర్వంగా చెబుతుంది. అదే పుస్తకం మరో సంగతీ చెప్పింది. ఆచార్యుడికి హాని తలపెట్టినవాడి తల తీస్తామని, నిందించినవాడి నాలుక కోస్తామని చక్రవర్తి చాటింపు వేయించాడు. అలాంటి సభలో ఎవరూ నోరు మెదపకపోవడాన్ని విజయమని ఎలా లెక్కవేస్తాం?

ఆ యాత్రికుడే ధాన్యకటకం దగ్గర గాథగా విన్న భావవివేకుడి పేరు ఇక్కడ చెప్పుకోవాలి. ఆరో శతాబ్దపు ఈ మాధ్యమికుడు మధ్యమకహృదయంలో, దాని వ్యాఖ్య తర్కజ్వాలలో సాంఖ్య, వైశేషిక, వేదాంత, మీమాంసలకు ఒక్కో అధ్యాయం కేటాయించి ఖండించాడు. శంకరుడికి ముందు వేదాంతం ఎలా ఉండేదో తెలియజేసే అరుదైన ఆధారాలలో ఆ వేదాంత అధ్యాయం ఒకటి. అంటే అద్వైతుల పూర్వచరిత్రకు సాక్షి ఒక బౌద్ధుడు. ఎనిమిదో శతాబ్దంలో శాంతరక్షితుడు రాసిన తత్త్వసంగ్రహం, దానికి శిష్యుడు కమలశీలుడి పంజిక ఈ పనిని ఇంకా విస్తృతంగా చేశాయి. మీమాంసకుడైన కుమారిలభట్టు శ్లోకాలను గుదిగుచ్చి ఎత్తి చూపి జవాబిచ్చాయి. అవిద్ధకర్ణుడు, భావివిక్తుడు వంటి నైయాయికుల పుస్తకాలు పోయినా వారి మాటలు అందులో బతికి ఉన్నాయి. ఈ మహాగ్రంథం 1926లో బరోడా గాయక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలలో అచ్చయింది.

కమలశీలుడి పేరు టిబెట్ చరిత్రలో మరో చర్చతో ముడిపడింది. 792, 794 మధ్య రాజు త్రిసోంగ్ దెచెన్ ఎదుట జరిగిందని చెప్పే సమ్యే వాదంలో ఆయనకు ప్రత్యర్థి చైనా ధ్యాన సంప్రదాయానికి చెందిన మొహెయెన్. జ్ఞానోదయం మెట్టు మెట్టుగా వస్తుందని భారతీయ పక్షం. ఆలోచనలు ఆగితే ఒక్కసారిగా వస్తుందని చైనా పక్షం. కమలశీలుడు గెలిచాడనీ, చైనా భిక్షువును దేశం నుంచి పంపేశారనీ టిబెటన్ చరిత్రలన్నీ చెబుతూ వచ్చాయి. తరువాత దున్‌హువాంగ్ గుహలలో దొరికిన చైనా రాతప్రతి ఒకటి కథను తిరగేసింది. దాని ప్రకారం గెలిచింది మొహెయెన్, రాజు ఆయన బోధనను అనుమతిస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. ఫ్రెంచి పండితుడు పాల్ దెమియెవిల్ 1952లో ఆ ప్రతిని అనువాదంతో ప్రకటించాక, అసలు అలాంటి ఒక్క సభ జరిగిందా, కొన్నేళ్లపాటు సాగిన రాతకోతలను కథకులు ఒక్క సభగా మలిచారా అన్న సందేహం బలపడింది.

శంకరుడి కథకూ ఇదే పరీక్ష పెట్టాలి. మండనమిశ్రుడితో వాదం, ఆయన భార్య ఉభయభారతి మధ్యస్థం, ఎవరి మెడలోని పూలమాల వాడితే వారు ఓడినట్టన్న ఏర్పాటు, ఓడిన మండనుడు సన్యసించి సురేశ్వరుడు కావడం, ఇవన్నీ మాధవుడి పేర ఉన్న శంకరదిగ్విజయం వల్ల ఇంటింటా తెలిసిన సంగతులు. ఆ కావ్యం శంకరుడి తరువాత కొన్ని శతాబ్దాలకు పుట్టింది. మండనుడి బ్రహ్మసిద్ధినీ సురేశ్వరుడి వార్తికాలనూ పక్కపక్కన పెట్టి చదివిన మైసూరు హిరియణ్ణ, ఇద్దరి అభిప్రాయాలు కీలకమైన చోట్ల పొసగవనీ, వారు ఒకే వ్యక్తి కాకపోవచ్చనీ 1920 దశకంలోనే చూపించాడు. భక్తుడు దిగ్విజయాన్ని పారాయణం చేసుకోవచ్చు, అందులో తప్పు లేదు. చరిత్ర రాసేవాడు మాత్రం బ్రహ్మసిద్ధి తెరవాలి.

జైనులూ స్త్రీలూ

పరమతాల పుస్తకాలను అందరికంటే జాగ్రత్తగా దాచినవారు జైనులు. ఏ మాటైనా ఒక కోణం నుంచే నిజమన్న అనేకాంతవాదం వారిది. హరిభద్రసూరి ఎనిమిదో శతాబ్దంలో షడ్దర్శన సముచ్చయం రాసి పరమతాలను తూలనాడకుండా పరిచయం చేశాడు. సంశయవాది జయరాశిభట్టు తత్త్వోపప్లవసింహం పటాన్‌లోని జైన భాండారంలో ఒకే ఒక తాళపత్ర ప్రతిగా 1926లో బయటపడింది. 1940లో అచ్చయింది. భౌతికవాదమైన లోకాయతానికి దగ్గరి రచన పూర్తిగా దొరికింది అదొక్కటే.

జైనుల సొంత తగవులు మాత్రం అంత మెత్తగా సాగలేదు. 1125లో అదే పటాన్‌లో, చాళుక్య రాజు జయసింహ సిద్ధరాజు సభలో శ్వేతాంబరుడైన వాది దేవసూరి, దిగంబరుడైన కుముదచంద్రుడు తలపడ్డారు. స్త్రీ అదే జన్మలో మోక్షం పొందగలదా అన్నది అందులో ముఖ్య ప్రశ్న. పొందగలదన్న శ్వేతాంబరులు గెలిచారని శ్వేతాంబర గ్రంథాలు రాసుకున్నాయి. ఇంత పెద్ద ప్రశ్న తేల్చే చోట వాదించిన ఇద్దరూ మగవారే.

వాదించిన స్త్రీలూ లేకపోలేదు. పాళీ అట్ఠకథల్లో భద్దా కుండలకేశి జైన సన్యాసినిగా ఊరూరూ తిరుగుతూ, ఊరి వాకిట ఇసుకలో నేరేడు కొమ్మ గుచ్చి వాదానికి పిలిచేది. సారిపుత్తుడి చేతిలో ఓడి బౌద్ధంలో చేరింది. ఆమె కథతో తమిళంలో కుండలకేశి అనే బౌద్ధ కావ్యం వచ్చింది. దానికి జవాబుగా ఒక జైన కవి నీలకేశి రాశాడు. కాలక్రమంలో కుండలకేశి పోయింది, నీలకేశి మిగిలింది. తమిళ పంచకావ్యాలలో ఒకటిగా లెక్కించే ఆ బౌద్ధ గ్రంథం విషయం ఈనాడు కొంతైనా తెలుస్తోందంటే ఆ జైన ఖండన పుణ్యమే.

తెలుగు నేలపై

పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోని అయిదు ప్రకరణాలలో ఒకటి పూర్తిగా వాద ప్రకరణమే. పన్నెండో శతాబ్దపు శైవాచార్యుడు మల్లికార్జున పండితుడు వెలనాటి చోడుల చందవోలు సభలో బౌద్ధాచార్యుడితో చేసిన వాదం ఆ కావ్యంలో ఉంది. వాదంతో ఆగలేదు. పండితుడి శిష్యుల చేతిలో బౌద్ధుడు చనిపోవడం, రాజు పండితుడి కళ్లు తీయించడం, శివుడి దయ వల్ల చూపు తిరిగి రావడం కూడా ఆ కథలో భాగాలే. సోమనాథుడు దీన్ని ఏమాత్రం మొహమాటం లేకుండా శివమహిమగా చెప్పాడు. ఆ బౌద్ధుడి తరఫు కథనం మనకు లేదు. తిక్కన ఓరుగల్లులో కాకతి గణపతిదేవుడి ఎదుట జైన బౌద్ధులను ఓడించాడన్న కథ కూడా చాలా తరువాతి సిద్ధేశ్వర చరిత్రలోనిది. రెండు కథలకూ వెనక ఉన్న వాస్తవం ఒక్కటే: పదమూడో శతాబ్దం దాటాక తెలుగునాట బౌద్ధుల మాట వినిపించలేదు.

విజయనగర కాలానికి బౌద్ధులు లేరు, జైనులు తగ్గారు. వాదం వేదాంతుల ఇంటి గొడవగా మారింది. అలా మారినప్పుడే అది ఎంతో లోతుకు దిగింది. మాధ్వుడైన వ్యాసతీర్థుడు (1460–1539) న్యాయామృతంలో అద్వైతాన్ని వాక్యం వాక్యం పట్టుకుని చీల్చాడు. మధుసూదన సరస్వతి అద్వైతసిద్ధిలో అదే వరసలో బదులిచ్చాడు. దానికి జవాబు రామాచార్యుడి తరంగిణి. తరంగిణికి జవాబు బ్రహ్మానందుడి లఘుచంద్రిక. రామాచార్యుడు మధుసూదనుడి దగ్గరే శిష్యుడిగా చేరి అద్వైతసిద్ధి నేర్చుకుని, ఆపైన ఖండన రాశాడని సంప్రదాయ కథ. కుమారిలుడు మారువేషంలో బౌద్ధుల దగ్గర చదివాడన్న పాత కథకు ఇది జంట. రెండూ నిజమో కాదో గాని, ఖండించాలంటే ముందు శిష్యరికం చేయాలన్న నమ్మకం మాత్రం రెండింట్లోనూ ఉంది. నా మటుకు ఈ నాలుగు పుస్తకాల వరస ఏ రాజసభకంటేనూ గొప్ప మత చర్చ.

ఇబాదత్ ఖానా

అక్బరు 1575లో ఫతేపూర్ సిక్రీలో కట్టించిన ఇబాదత్ ఖానాలో మొదట ముస్లిం పండితులే వాదించుకున్నారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దగ్గరే తగవు మొదలైంది. తరువాత బ్రాహ్మణులకు, జైనులకు, పార్సీలకు తలుపులు తెరిచారు. 1580లో గోవా నుంచి అక్వవీవా, మోన్సెరాటే మొదలైన జెసూట్ పాదరీలు వచ్చారు. ఈ సభల గురించి మనకు ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ పొగడ్తలూ, చక్రవర్తి మతం చెడిందని కుమిలిపోతూ రహస్యంగా రాసుకున్న బదాయూనీ నిష్ఠూరాలూ, మోన్సెరాటే లాటిన్ రాతలూ మూడూ మిగిలాయి. ఇంత పరస్పర విరుద్ధమైన సాక్ష్యం మధ్యయుగపు మరే చర్చకూ లేదు. అక్బరు మునిమనవడు దారా షికో 1657లో యాభై ఉపనిషత్తులను పారశీకంలోకి తెచ్చాడు. దాని లాటిన్ అనువాదమే పందొమ్మిదో శతాబ్దం మొదట ఐరోపాకు ఉపనిషత్తులను పరిచయం చేసింది.

చరిత్ర రంగంలోకి దిగింది

పందొమ్మిదో శతాబ్దంలో వాదానికి ఆధారమే మారిపోయింది. అంతవరకు ప్రశ్న, నీ శాస్త్రం తర్కానికి నిలుస్తుందా అన్నది. ఇప్పుడు, నీ శాస్త్రం ఎప్పుడు పుట్టింది, ఎవరు రాశారు, ఎన్ని చేతులు మారింది అన్నది ముందుకు వచ్చింది. మిషనరీలు తెచ్చిన ఈ ఆయుధం త్వరలోనే వారి మీదికే తిరిగింది.

1820లో రామ్మోహన్ రాయ్ క్రీస్తు నీతి బోధలను మాత్రం తీసుకుని, అద్భుతాలను, త్రిత్వాన్ని పక్కనపెట్టి పుస్తకం వేశాడు. శ్రీరాంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ మండిపడ్డాడు. రాయ్ వరసగా మూడు సమాధానాలు రాశాడు. మూడోది అచ్చువేయడానికి బాప్టిస్టు ముద్రణాలయం ఒప్పుకోకపోతే సొంతంగా వేయించుకున్నాడు. ఈ గొడవలో ఒక మనిషి నిజంగానే మనసు మార్చుకున్నాడు. రాయ్‌తో కలిసి బెంగాలీలోకి సువార్తలు అనువదిస్తున్న బాప్టిస్టు మిషనరీ విలియమ్ ఆడమ్ 1821లో త్రిత్వాన్ని వదిలి ఏకేశ్వరవాది అయ్యాడు. సహచరులు ఆయనను పతనమైన రెండో ఆదాము అని ఎగతాళి చేశారు. ఇన్ని వందల చర్చల చరిత్రలో వాదం వల్ల విశ్వాసం మారిందని గట్టిగా చెప్పగలిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, వాటిలో ఇది ఒకటి.

1854 ఏప్రిల్‌లో ఆగ్రాలో రెండు రోజులు జరిగిన చర్చ మరీ ఆసక్తికరమైనది. జర్మన్ మిషనరీ ఫాండర్ బైబిల్ మార్పులేని గ్రంథమన్నాడు. మౌలానా రహ్మతుల్లా కైరానవీ, లండన్‌లో చదువుకున్న డాక్టర్ వజీర్ ఖాన్ సాయంతో, ఐరోపా బైబిల్ విమర్శకుల పుస్తకాలనే ముందు పెట్టాడు. మూలంలో కొన్ని చోట్ల పాఠభేదాలు చేరాయని ఫాండర్ ఒప్పుకోవలసి వచ్చింది. 1857 తరువాత కైరానవీ మక్కా చేరి ఆ వాదాలను అరబ్బీ గ్రంథంగా విస్తరించాడు. క్రైస్తవులతో వాదించే ముస్లిం పండితులకు అది నేటికీ చేతిపుస్తకం.

1869 నవంబరులో కాశీలో దయానంద సరస్వతి విగ్రహారాధనకు వేదప్రమాణం చూపమని విశుద్ధానందుడు, బాలశాస్త్రి మొదలైన పండితులను అడిగాడు. కాశీ మహారాజు అధ్యక్షుడు. చీకటిపడే వేళ ఒక కాగితం దయానందుడి చేతికిచ్చి చదవమన్నారు. ఆయన చూస్తుండగానే పండితులు గెలిచామంటూ లేచారు, అల్లరి మొదలైంది. తరువాత ఇరుపక్షాలూ తమదే గెలుపంటూ కథనాలు అచ్చువేసుకున్నాయి.

వీటన్నిటిలో దూరం వెళ్లినది సింహళంలోని పానదుర చర్చ. 1873 ఆగస్టు 26, 28 తేదీలలో మిగెట్టువత్తె గుణానంద థేరో, మెథడిస్టు బోధకుడు డేవిడ్ డి సిల్వా వేలమంది ఎదుట వాదించారు. ఆత్మ లేదంటే పాపపుణ్యాల ఫలం అనుభవించేది ఎవరని డి సిల్వా పాళీ ఉటంకింపులతో అడిగాడు. పామర జనానికి ఆ పాండిత్యం సగం అర్థం కాలేదు. గుణానందుడు జనం భాషలో మాట్లాడే గడసరి వక్త. అంతా తెలిసిన దేవుడు మనిషిని చేసినందుకు పశ్చాత్తాపపడటం ఏమిటని బైబిల్ నుంచే అడిగి సాధువాదాలు అందుకున్నాడు. తర్కం లెక్కన డి సిల్వా ప్రశ్న తేలికైనది కాదు, బౌద్ధులు శతాబ్దాలుగా జవాబు చెబుతూ వచ్చినదే. సభ లెక్కన మాత్రం గెలుపు గుణానందుడిదే. ఆ చర్చ ఇంగ్లీషులో అచ్చయి అమెరికా చేరింది. అది చదివి ఆకర్షితుడైన కల్నల్ ఆల్కాట్, బ్లావట్‌స్కీతో కలిసి 1880 మేలో గాల్ రేవులో పంచశీల స్వీకరించాడు. 1882లో వారి దివ్యజ్ఞాన సమాజం మద్రాసు అడయారుకు చేరింది. 1909లో అక్కడే మదనపల్లె బాలుడు జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా ఎంచుకుంది. ఆయన 1929లో తన కోసం కట్టిన సంస్థను రద్దు చేసి, సత్యానికి మతంతో, గురువుతో పని లేదని చెప్పి బయటికి వచ్చాడు.

విమర్శే చదువుకు ప్రేరణ అయిన సందర్భం సర్వేపల్లి రాధాకృష్ణన్‌ది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో మిషనరీ అధ్యాపకులు హిందూ ధర్మంలో నీతికి చోటు లేదన్నట్టు మాట్లాడటం ఆ కుర్రవాడి విశ్వాసాన్ని కుదిపింది. 1908 నాటి ఎం.ఏ. వ్యాసానికి ఆయన తీసుకున్న విషయం వేదాంతంలోని నీతి. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షుడిగా, ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడిగా రాసినదంతా ఒక విధంగా ఆ తరగతి గదికి చెప్పిన జవాబే.

సొంత విశ్వాసం

వ్యక్తి తన మతాన్ని చర్చించి ఎంచుకోవడానికి ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద ఉదాహరణ అంబేద్కర్. లాహోర్ సంస్థ ఒకటి సభ రద్దు చేయడంతో మిగిలిపోయిన ప్రసంగాన్ని 1936లో కుల నిర్మూలన పేర తానే అచ్చు వేశాడు. గాంధీ తన పత్రిక హరిజన్‌లో దాన్ని విమర్శించాడు. రెండో ముద్రణలో అంబేద్కర్ ఆ విమర్శనూ తన జవాబునూ కలిపి వేశాడు. ప్రతివాది మాటను అతని మాటల్లోనే చదువరి ముందు పెట్టిన ఈ పద్ధతి పాత పూర్వపక్షానికి నిజమైన వారసురాలు. హిందువుగా చావనని 1935లో యేవలాలో ప్రకటించాక, ఇరవై ఒక్క ఏళ్లు మతాలన్నీ చదివి 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాడు. మరణానంతరం 1957లో వచ్చిన బుద్ధుడు–ఆయన ధమ్మం గ్రంథంలో, ముసలివాడిని, రోగిని, శవాన్ని అప్పుడే మొదటిసారి చూసి సిద్ధార్థుడు ఇల్లు వదిలాడన్న కథను నమ్మలేనన్నాడు. రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ వచ్చిన తగవులో యుద్ధాన్ని వ్యతిరేకించి వెళ్లిపోయాడన్న కథను తీసుకున్నాడు. చరిత్ర విమర్శను తను చేరిన మతం మీద కూడా ప్రయోగించిన అరుదైన విశ్వాసి ఆయన. సంప్రదాయ భిక్షువులు కొందరికి ఇది నచ్చలేదు.

తెలుగువారిలో ఈ కోవకు చెందిన చర్చ గోరాది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోపరాజు రామచంద్రరావు 1944 నుంచి సేవాగ్రామంలో గాంధీతో పలుమార్లు మాట్లాడాడు. దేవుడి మీద నమ్మకం పోతేగాని అంటరానితనం పోదని ఆయన వాదం. ఇద్దరిలో ఎవరూ తమ పక్షం వదలలేదు. కాని గోరా కుమార్తెకు దళిత యువకుడితో పెళ్లి నిశ్చయమైనప్పుడు, ఆశ్రమంలో తానే జరిపిస్తాననీ, ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు చెప్పిస్తాననీ గాంధీ ఒప్పుకున్నాడు. ఆ సంభాషణలను గోరా రాసిపెట్టిన ఇంగ్లీషు పుస్తకాన్ని గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థే 1951లో ప్రచురించింది. పెళ్లి మాత్రం గాంధీ హత్య తరువాత, 1948 మార్చిలో సేవాగ్రామంలోనే జరిగింది.